అడిగి తెలుసుకున్నవాళ్లను అడగండి
(తెలుగు సంపాదకులకు బహిరంగ లేఖ)

తెలుగు దినపత్రికల, వార్తా చానళ్ల సంపాదకులకు,

అంతర్జాతీయ వార్తల డెస్కులో చాలా ఏళ్లు పనిచేసి బయటికి వచ్చినవాణ్ణి. ఇప్పుడు మీ పాఠకుణ్ణి. పారిస్, లండన్, బెర్లిన్, న్యూయార్క్ లాంటి చోట్ల ముస్లింలకు సంబంధించి ఏదైనా జరిగినప్పుడు మన పత్రికల్లో, చానళ్లలో వచ్చే కథనాల గురించి మీతో మాట్లాడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ కథనాలు ఎలా తయారవుతాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. రాత్రి పొద్దుపోయాక ఏజెన్సీ కాపీ దిగుతుంది. మొదటి ఎడిషన్ వెళ్లిపోయే వేళ. సబ్ ఎడిటర్ నాలుగు పేరాలు తెలుగు చేసి ఇస్తాడు. పేజీలో జాగా మిగిలితే 'నేపథ్యం' పేరుతో ఒక బాక్సు కావాలంటారు. నెట్‌లో చేతికి తొందరగా ఏది అందితే అదే ఆ బాక్సులోకి ఎక్కుతుంది. టీవీలో ఆ బాక్సు కూడా ఉండదు. రాత్రి చర్చకు ఒక పార్టీ ప్రతినిధి, ఆయనకు ఎదురు పార్టీ ప్రతినిధి, ఒక మౌలానా వస్తారు. ఫ్రాన్స్ ముస్లింల గురించి వాళ్లలో ఎవరూ ఒక్క రోజు కూడా పనిచేసి ఉండరు. పది నిమిషాలు గడిచేసరికి మాట పాతబస్తీ మీదికి మళ్లుతుంది, పారిస్ ఊసే ఉండదు. డెస్కులో కూచున్న పిల్లలను నేను తప్పుపట్టను. వాళ్లకు ఇచ్చే సమయంలో అంతకంటే ఎవరూ చేయలేరు. మార్చాల్సింది మీరు, మీరు తలచుకుంటే మారుతుంది కూడా.

పశ్చిమ దేశాల్లోని ముస్లింల జీవితం మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు. వాళ్ల పుస్తకాలున్నాయి, సర్వేలున్నాయి. ఈమెయిల్ పెడితే జవాబిచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్లను అడగండి అన్నదే నా విన్నపం. దాంతోపాటు ఒక హెచ్చరిక కూడా చేయాలి. పశ్చిమ దేశాల్లో ముస్లింల గురించి రెండు రకాల సమాచారం తయారవుతోంది. వాళ్ల ఎదుట కూచుని, ఎందుకు అడుగుతున్నదీ చెప్పి, అడిగి తెలుసుకున్నది ఒకటి. వాళ్ల మీద నిఘా పెట్టి పోగేసింది ఇంకొకటి. రెండింటిలోనూ అంకెలుంటాయి, మ్యాపులుంటాయి, ఒక్కోసారి రెండింటి మీదా ప్రొఫెసర్ల పేర్లు ఉంటాయి. మొదటిదాన్ని వాడుకోవాలి. రెండోదాన్ని మొదటిదిగా పొరబడి అచ్చు వేయకూడదు.

ఎక్కడో ఉన్నవాళ్ల సంగతి మనకెందుకు అనేవాళ్లకు ఒక్క సంఘటన గుర్తుచేస్తాను. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఒలేథేలో మన తెలుగు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను ఒకడు కాల్చి చంపాడు. పక్కనే ఉన్న స్నేహితుడు అలోక్ మాడసాని గాయాలతో బయటపడ్డాడు. కాల్చినవాడు అక్కడి నుంచి పారిపోయి వేరే ఊళ్లో హోటలుకు వెళ్లి, ఇద్దరు ఇరానీలను కాల్చి వచ్చానని చెప్పాడు. ఆ వార్తను మీరు రోజుల తరబడి మొదటి పేజీలో ఇచ్చారు. ఇవ్వాల్సిన వార్తే. అయితే 'ఇరానీలనుకుని కాల్చాడు' అన్న వాక్యం దగ్గర మనమెవరమూ ఆగలేదు. ఇరానీ అయితే మాత్రం ఎందుకు చంపాలి? గోధుమరంగు ముఖం కనబడగానే ఆ భయం, ఆ ద్వేషం ఒక అమెరికన్ మనసులోకి ఎలా వచ్చాయి? ఆ ప్రశ్న మీదే అక్కడ కొన్ని దశాబ్దాలుగా పరిశోధన సాగుతోంది. అందులోంచి ఒక్క పేరా కూడా ఆ రోజుల్లో మన పత్రికల్లో నాకు కనబడలేదు.

భయం దేశజనాభా లెక్కలను కూడా ఎలా తారుమారు చేస్తుందో చూడండి. 2016లో ఇప్సోస్ అనే సర్వే సంస్థ 40 దేశాల్లో జనాన్ని ఒక ప్రశ్న అడిగింది: మీ దేశంలో వందమందిలో ముస్లింలు ఎంతమంది ఉంటారు? ఫ్రాన్స్‌లో వచ్చిన సగటు జవాబు 31. అప్పటికి ఉన్న అంచనా ఏడున్నర. అమెరికాలో 17 అన్నారు. ఉన్నది ఒక్కరు. ఇలాంటి ఊహే మన బాక్సుల్లోకి 'ఐరోపాను ముంచెత్తుతున్న' అన్న మాటగా దిగుమతి అవుతుంది.

అసలు ఆ ఏడున్నర, ఆ ఒకటి అన్న లెక్కలు కూడా ఊరికే రాలేదు. ఫ్రాన్స్ జనగణనలో 1872 తర్వాత మతం అడగలేదు. అమెరికా జనగణనలోనూ అడగరు. బ్రిటన్‌లో 2001 నుంచి అడుగుతున్నారు కాబట్టి, 2021లో ఇంగ్లండ్, వేల్స్‌లలో ముస్లింలు 39 లక్షలు, అంటే నూటికి ఆరున్నర మంది అని చెప్పగలుగుతున్నాం. జర్మనీలో ఎందరున్నారో ఎవరికీ సరిగా తెలియని స్థితిలో 2009లో 'జర్మనీలో ముస్లిం జీవితం' పేరుతో పెద్ద అధ్యయనం వచ్చింది. 38 నుంచి 43 లక్షల మంది ఉంటారని అది లెక్కగట్టింది. 2021లో మళ్లీ చేస్తే 53 నుంచి 56 లక్షలు అని తేలింది. ఇంతకీ అందులో నాకు ముఖ్యమనిపించింది మొత్తం సంఖ్య కాదు. జర్మనీలోని ముస్లిం స్త్రీలలో నూటికి 70 మంది తలకు స్కార్ఫ్ కట్టుకోరని కూడా అదే అధ్యయనం చెప్పింది. మన పేజీల్లో జర్మనీ ముస్లింల వార్తతోపాటు వేసే ఫొటోలను ఒకసారి గుర్తుచేసుకోండి. ఆ డెబ్బై మందిలో ఒక్కరైనా ఏ ఫొటోలోనైనా కనబడ్డారా?

ఇప్పుడు ఆ రెండో రకం సమాచారం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని బయటపెట్టింది మన వృత్తివాళ్లే. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత న్యూయార్క్ పోలీసు శాఖ 'డెమోగ్రాఫిక్స్ యూనిట్' అని ఒక విభాగం పెట్టింది. మఫ్టీ పోలీసులు ముస్లింలు నడిపే టీ కొట్లకు, మంగలి షాపులకు, పుస్తకాల దుకాణాలకు, మసీదులకు వెళ్లి కూచునేవారు. గోడ మీది టీవీలో ఏ చానల్ నడుస్తోంది, గల్లాపెట్టె దగ్గర కూచున్నది ఏ దేశంవాడు, ఎవరెవరు ఏ భాషలో ఏం మాట్లాడుకుంటున్నారు అన్నవన్నీ రాసుకుని వెళ్లి నివేదికలు తయారుచేసేవారు. కాలేజీల్లోని ముస్లిం విద్యార్థి సంఘాలనూ వదల్లేదు. 2008లో విద్యార్థులు సరదాగా నదిలో పడవ ప్రయాణానికి వెళితే ఒక రహస్య పోలీసు వాళ్లతోపాటు వెళ్లి, ఎవరు ఎన్నిసార్లు నమాజు చేశారో రాసుకొచ్చాడు. 2011లో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు ఇదంతా పత్రాలతో సహా బయటపెట్టారు. మరుసటి ఏడాది వాళ్లకు పులిట్జర్ బహుమతి వచ్చింది.

2012లో న్యూయార్క్ పోలీసు శాఖ ఇంటెలిజెన్స్ అధికారి ఒకరు ప్రమాణం చేసి వాంగ్మూలం ఇచ్చారు. తన హయాంలో ఆ యూనిట్ సేకరించిన సమాచారంలోంచి ఒక్క ఉగ్రవాద దర్యాప్తు కూడా మొదలుకాలేదని ఒప్పుకున్నారు. అదే వాంగ్మూలంలో ఉర్దూ సంగతి వచ్చింది. ఒక చోట ఉర్దూ మాట్లాడుకుంటున్నారంటే అది తమకు పట్టించుకోవాల్సిన సమాచారమే అన్నది ఆయన వాదన. ఉర్దూ అంటే మన మెహదీపట్నం బస్టాపులో, చార్మినార్ గాజుల దుకాణాల్లో, కర్నూలు, నిజామాబాద్ బజార్లలో వినబడే భాష. చికాగో డెవాన్ అవెన్యూలో మన హైదరాబాదీలు మాట్లాడుకునే భాష. 2014 ఏప్రిల్‌లో ఆ యూనిట్‌ను ఎత్తేశారు.

అదే ఉర్దూను ఇంకొకరు ఎలా వాడారో చూడండి. 2017లో ప్యూ రీసెర్చ్ సెంటర్ అమెరికా ముస్లింల మీద సర్వే చేసింది. ఇంగ్లీషు రానివాళ్లు మిగిలిపోకూడదని అరబిక్, ఫార్సీ, ఉర్దూ భాషల్లో కూడా ఫోన్లు చేసి, ఎవరు అడుగుతున్నదీ ఎందుకు అడుగుతున్నదీ చెప్పి, 1,001 మందితో మాట్లాడింది. అమెరికన్లమైనందుకు గర్వపడుతున్నామని నూటికి 92 మంది అన్నారు. అంతకుముందు ఏడాది కాలంలో ఏదో ఒక వివక్షో అవమానమో ఎదురైందని దాదాపు సగంమంది చెప్పారు. ఈ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సమాజం ఎలా బతుకుతోందో తెలుస్తుంది. పోలీసుల నివేదికల గుట్టలోంచి అది తెలియదు, ఎన్నేళ్లు రాసినా తెలియదు. చెవులు రిక్కించి పొంచి ఉన్నవాడికి మాటలు వినబడతాయి, మనిషి మాత్రం కనబడడు.

న్యూయార్క్‌లో పోలీసులు పోలీసులుగానే ఉన్నారు. ఆస్ట్రియాలో జరిగింది ఇంకా చిక్కైన సంగతి. 2021 మే 27న వియన్నాలో సమైక్యతా శాఖ మంత్రి సుజానే రాబ్ 'ఇస్లాం మ్యాప్' అని ఒకటి విడుదల చేశారు. దేశంలోని ఆరువందలకు పైగా మసీదులు, ముస్లిం సంఘాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చిరునామాలతో సహా నెట్‌లో అందరికీ కనబడేలా పెట్టారు. తయారీలో వియన్నా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఒకరి పరిశోధన బృందం ఉంది. కాబట్టి ఇది శాస్త్రీయ పరిశోధన అన్నారు. కొద్దిరోజుల్లోనే కొన్ని మసీదుల దగ్గర 'మీ చుట్టుపక్కల రాజకీయ ఇస్లాం ఉంది, జాగ్రత్త' అని హెచ్చరించే బోర్డులు వెలిశాయి. ఆ బోర్డుల మీద ఇస్లాం మ్యాప్ చిరునామా కూడా ఉంది. విశ్వవిద్యాలయం అధ్యక్షుడు తమ చిహ్నాన్ని ఆ మ్యాప్ మీద వాడకూడదని ఆదేశించారు. దాన్ని వెనక్కి తీసుకోవాలని కౌన్సిల్ ఆఫ్ యూరప్ ప్రతినిధి కోరారు.

అంతకు కొన్ని నెలల ముందు, 2020 నవంబర్‌లో, అదే దేశంలో 'ఆపరేషన్ లక్సర్' పేరుతో పోలీసులు పెద్దఎత్తున ఇళ్లలో సోదాలు చేశారు. సోదా జరిగిన ఇళ్లలో ముస్లిం వ్యతిరేకత మీద పరిశోధన చేసే రాజనీతి శాస్త్రవేత్త ఫరీద్ హఫీజ్ ఇల్లు కూడా ఉంది. ఆ సోదాలు చట్టవిరుద్ధమని తర్వాత గ్రాజ్ హైకోర్టు తేల్చింది. సోదాలప్పుడు వార్త ప్రపంచమంతా పాకింది. కోర్టు తీర్పు ఎంతమంది అచ్చు వేశారో మీ లైబ్రరీలో మీరే వెతికి చూడండి.

ఈ రెండు రకాలనూ డెస్కులో ఎలా విడదీయాలి? దీనికి పీహెచ్‌డీలు అక్కర్లేదు. జిల్లా కంట్రిబ్యూటర్ పంపిన కాపీని మనం ఎలా నిలదీస్తామో దీన్నీ అలాగే నిలదీయాలి. ఈ మాట ఎవరు చెప్పారు, ఎవరిని అడిగారు, తమను అడుగుతున్నారని వాళ్లకు తెలుసా, ఎంతమందిని ఎలా ఎంచుకున్నారు, మనుషుల పేర్లు, ఇళ్లు బయటపడకుండా చూశారా, డబ్బు ఎవరు పెట్టారు, తోటి పండితులు దాన్ని చదివి ఒప్పుకున్నారా కొట్టేశారా? నిజమైన అధ్యయనంలో వీటిలో చాలా ప్రశ్నలకు జవాబులు లోపలే రాసి ఉంటాయి. రాసి లేకపోతే ఆ ఒక్క లోపం చాలు, దాన్ని పక్కన పెట్టవచ్చు.

పాండిత్యం, పాలన ఒకే మనిషిలో కలిసిపోవడం ఐరోపాలో కొత్తేమీ కాదు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో అరబిక్ ఆచార్య పీఠం 1613 నుంచి ఉంది. ఆ లైడెన్‌లో చదివిన స్నౌక్ హుర్‌గ్రోన్యె 1885లో అబ్దుల్ గఫార్ అనే ముస్లిం పేరుతో మక్కాలో కొన్ని నెలలు ఉన్నాడు. అక్కడి ఇళ్లు, పెళ్లిళ్లు, బజారు, చదువుల గురించి అతను రాసిన పుస్తకాన్ని ఆ కాలపు మక్కా గురించి తెలుసుకోవాలంటే ఇవాళ్టికీ తెరవాల్సిందే. తర్వాత అదే మనిషి డచ్చి వలస ప్రభుత్వానికి సలహాదారుగా సుమత్రా వెళ్లి, అక్కడి ఆచే ప్రాంతపు ముస్లింల తిరుగుబాటును ఎలా అణచాలో చెప్పాడు. మక్కాలో అతనికి ఇంటి తలుపులు తెరిచినవాళ్లకు ఈ సంగతి తెలిస్తే ఏమనుకునేవారో! ఇలాంటి చరిత్రంతా ముందు పెట్టుకునే సాహిత్య విమర్శకుడు ఎడ్వర్డ్ సయీద్ 1978లో 'ఓరియంటలిజం' రాశాడు. ఆ పుస్తకంతో అందరూ ఏకీభవించలేదు. కానీ అది వచ్చాక, నేనెవరి కోసం రాస్తున్నాను అని తనను తాను అడగకుండా ఈ రంగంలో కలం పట్టినవాళ్లు తక్కువ.

వేరే దారిలో నడిచినవాళ్లు అంతకుముందు కూడా ఉన్నారు. దేశవిభజనకు ముందు లాహోర్‌లో పాఠాలు చెప్పిన కెనడా పండితుడు విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ 1952లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఇస్లామిక్ అధ్యయన సంస్థ పెట్టాడు. అందులో అధ్యాపకులూ విద్యార్థులూ సగానికి సగం ముస్లింలే ఉండాలని పట్టుబట్టాడు. ఒక మతం గురించి మనం చెప్పే మాటను ఆ మతస్థులు విని, అవును ఇది మా గురించే అని గుర్తుపట్టగలగాలన్నది ఆయన నమ్మకం. గొప్ప మాట. నా మటుకు నాకు మన వృత్తికి కూడా ఇంతకంటే మంచి నియమం లేదు.

దానికి ఒక హద్దు కూడా ఉంది. అది చెప్పకపోతే ఈ ఉత్తరం సగం నిజమే అవుతుంది. 2022లో అమెరికాలోని మిన్నెసోటాలో హామ్లిన్ విశ్వవిద్యాలయంలో చిత్రకళా చరిత్ర చెప్పే అధ్యాపకురాలు 14వ శతాబ్దపు పర్షియన్ చిత్రాన్ని తరగతిలో చూపించారు. ముస్లిం చరిత్రకారుడు రషీదుద్దీన్ గ్రంథం కోసం గీసిన చిత్రం అది. అందులో ప్రవక్త రూపం ఉంది. చూడటం ఇష్టంలేనివాళ్లు చూడనవసరం లేదని ఆమె ముందే చెప్పారు. అయినా ఫిర్యాదు వచ్చింది. యాజమాన్యం ఆమె వైపు నిలబడలేదు. మరుసటి టర్ముకు ఆమెకు పాఠాలు ఇవ్వలేదు. అమెరికా ప్రొఫెసర్ల సంఘం విచారణ జరిపి, ఆమె బోధనా స్వేచ్ఛకు భంగం కలిగిందని తేల్చింది. నొచ్చుకున్న విద్యార్థిని బాధ నిజమైనదే. ఆ బాధ వల్ల ఒక పాఠం ఆగిపోవడం మాత్రం తప్పే. ఆ బొమ్మను వేయించుకున్నదీ, వేసిందీ, భద్రపరిచిందీ ముస్లిం ప్రపంచమే. అది చూపకుండా ఇస్లాం చరిత్ర చెప్పలేం.

ఈ కథలో మన డెస్కులు గమనించాల్సినది ఇంకొకటుంది. అధ్యాపకురాలికి మద్దతుగా గట్టిగా మాట్లాడినవాళ్లలో అమెరికాలోని ముస్లిం సంస్థలున్నాయి. ముస్లిం పబ్లిక్ అఫైర్స్ కౌన్సిల్ ఆమె చేసిన పనిలో ద్వేషం ఏమీ లేదని బహిరంగంగా ప్రకటించింది. 'ముస్లింల ఆగ్రహం' అని ఒక్క శీర్షికలో కట్టేస్తే, ముస్లింలు ముస్లింలతో చేసిన ఈ వాదన అంతా కనబడకుండా పోతుంది. ఏ సమాజంలోనైనా అసలు వార్త ఆ లోపలి వాదనే.

ప్రభుత్వాల వైపు నుంచి వచ్చే ఒత్తిడి ఇంతకంటే పెద్దది. 2021 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ ఉన్నత విద్యా మంత్రి ఫ్రెడెరిక్ విడాల్, విశ్వవిద్యాలయాల్లో ఇస్లాం అనుకూల వామపక్ష ధోరణి పాకిందని, దాని మీద పరిశోధన జరగాలని సీఎన్ఆర్ఎస్ అనే జాతీయ పరిశోధన సంస్థను కోరారు. అసలు ఆ మాటకు శాస్త్రీయమైన అర్థమే లేదని ఆ సంస్థ జవాబిచ్చింది. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వం కొలంబియా విశ్వవిద్యాలయానికి నిధులు ఆపి, మధ్యప్రాచ్య, దక్షిణాసియా, ఆఫ్రికా అధ్యయనాల విభాగాన్ని బయటివాళ్ల అజమాయిషీ కింద పెట్టాలని షరతు విధించింది. విశ్వవిద్యాలయం కొంతవరకు దిగివచ్చి, సమీక్షకు ఒక సీనియర్ అధికారిని నియమించడానికి ఒప్పుకుంది. సయీద్ దశాబ్దాల పాటు పాఠాలు చెప్పింది ఆ విశ్వవిద్యాలయంలోనే. ఈ వార్త మనకు పరాయిది కాదు. ఆ దక్షిణాసియా విభాగాల్లోనే మన దేశపు భాషలూ చరిత్రా చదువుతారు.

గొడవలు, కోర్టులు, కాల్పులు లేని చోట కూడా అధ్యయనాలు నడుస్తాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైనవి అవే. బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో 2005లో సోఫీ గిలియట్-రే నాయకత్వంలో బ్రిటన్ ముస్లింల అధ్యయన కేంద్రం మొదలైంది. ఆ కేంద్రం చేసిన ఒక పని ఆస్పత్రుల్లో, జైళ్లలో పనిచేసే ముస్లిం చాప్లెయిన్ల మీద, అంటే రోగులకూ ఖైదీలకూ మతపరమైన తోడుగా ఉండేవాళ్ల మీద. వాళ్లతో మాట్లాడి, వాళ్లు పని చేసే చోట వెంట ఉండి చూసి, 2013లో పుస్తకం వేశారు. పోయే ప్రాణం పక్కన కూచుని కల్మా చదివేది చాప్లెయినే. ఖననం ఆలస్యం కాకుండా కాగితాలు త్వరగా అయ్యేలా చూడమని సిబ్బందికి చెప్పేదీ, రంజాన్‌లో షుగర్ ఉన్న పెద్దాయనకు ఉపవాసం మానవచ్చని నచ్చజెప్పేదీ చాప్లెయినే. అవసరమైతే వేరే మతస్థుడి మంచం పక్కన కూడా కూచుంటాడు. మసీదులో ఖుత్బా (శుక్రవారం ప్రసంగం) చెప్పే ఇమాం పనికీ దీనికీ చాలా తేడా ఉంది. ఆ తేడాను చూసి రాయడానికి ఏళ్లు పట్టింది. అదే బ్రిటన్‌లో 2020లో కరోనాతో చనిపోయిన తొలి నలుగురు డాక్టర్లూ ముస్లింలే. బ్రిటన్ ముస్లింల జీవితం అంటే ఈ ఆస్పత్రి వార్డులు కూడా.

గొడవ రేగిన చోట కూడా ఇలా అడిగి తెలుసుకోవచ్చు. ఫ్రాన్స్ స్కార్ఫ్ చట్టం సంగతి చూడండి. 2022లో ఉడుపి హిజాబ్ వివాదం రేగినప్పుడు ఫ్రాన్స్‌లో నిషేధించలేదా అన్న మాట మన చర్చల్లో వినబడింది. 2004 నాటి ఆ చట్టం ప్రభుత్వ బడులకే వర్తిస్తుంది, విశ్వవిద్యాలయాలకు కాదు. పెద్ద శిలువలు, యూదుల టోపీలు, సిక్కుల తలపాగాలు కూడా దాని కిందికి వస్తాయి. ఆ చట్టం ఎలా పుట్టిందో అమెరికా మానవశాస్త్రవేత్త జాన్ బోవెన్ పారిస్‌లో టీచర్లతో, అధికారులతో, విలేకరులతో మాట్లాడి తెలుసుకుని 2007లో పుస్తకం రాశాడు. స్కార్ఫ్ అంటే భయం పెరగడంలో పత్రికల, టీవీల పాత్ర ఎంతో అందులో వివరంగా ఉంది. ప్రతి న్యూస్‌రూములో ఒక ప్రతి ఉండాల్సిన పుస్తకం అది.

ఈ చదువులో మన నేల వాటా కూడా ఉంది. 1908లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివిన మహమ్మద్ హమీదుల్లా జర్మనీలోని బాన్‌లోనూ పారిస్‌లోనూ డాక్టరేట్లు తీసుకున్నారు. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిశాక పారిస్‌లోనే ఉండిపోయారు. శరణార్థిగా దశాబ్దాలు గడిపారు. సీఎన్ఆర్ఎస్‌లో పరిశోధకుడిగా పనిచేశారు. అందరికంటే పాత హదీసు సంకలనాల్లో ఒకదాన్ని బెర్లిన్, డమాస్కస్ రాతప్రతుల నుంచి వెలికితీసి ప్రచురించారు. 1959లో ఖురాన్‌ను ఫ్రెంచిలోకి తెచ్చారు. 2002లో అమెరికాలో కన్నుమూశారు. ఫ్రాన్స్ ముస్లింల మేధో చరిత్ర రాస్తే ఆయనకు ఒక అధ్యాయం ఇవ్వాలి. మన పత్రికల్లో ఆయన పేరు నాకు కనబడ్డ సందర్భాలు దాదాపు లేవు.

కాలిఫోర్నియా మానవశాస్త్రవేత్త కరెన్ లెనార్డ్ 2003లో అమెరికా ముస్లింల మీద అప్పటిదాకా జరిగిన పరిశోధన అంతా ఒక పుస్తకంలో సమీక్షించారు. 2007లో విదేశాలకు వెళ్లిన హైదరాబాదీల మీద ఇంకొక పుస్తకం రాశారు. కువైట్ నుంచి కెనడా దాకా ఏడు దేశాల్లో ఇళ్లకు వెళ్లి, పెద్దవాళ్లతోనూ పిల్లలతోనూ మాట్లాడి రాసింది అది. మీ ఎన్నారై పేజీలకు అంతకంటే మంచి ముడిసరుకు ఎక్కడ దొరుకుతుంది? పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే మన కవి అఫ్సర్ 2013లో ఆక్స్‌ఫర్డ్ ద్వారా తెచ్చిన పుస్తకం అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయప్ప పీర్ల పండగ మీద. హిందువులూ ముస్లింలూ కలిసి చేసే మొహర్రం అది. ఇవాళ ఇస్లాం గురించి అమెరికా తరగతి గదిలో చదువుకునే విద్యార్థికి మక్కాతోపాటు గూగూడు కూడా తెలుస్తోందంటే అది ఆయన చలవ. ఆయన తెలుగులో మాట్లాడతారు, తెలుగులో కూడా రాస్తారు. అడిగితే చాలు.

ఇక మిమ్మల్ని కోరేది. ప్రతి డెస్కులో ఈ రంగంలో పనిచేస్తున్న పండితుల పేర్లు, ఈమెయిళ్లు ఉన్న ఒక జాబితా తయారుచేయించండి. హైదరాబాద్‌లో ఉస్మానియాలో, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఇస్లామిక్ అధ్యయన విభాగాలున్నాయి, హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. ఏ సర్వే అంకె వేసినా ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో, ఎందరిని అడిగారో అదే పేరాలో వేయండి. చర్చలకు పార్టీల ప్రతినిధులు వస్తే రానివ్వండి, వాళ్ల పక్కన ఆ దేశంలో పనిచేసిన ఒక పరిశోధకుడికి ఫోన్ కలపండి. ఏడాదికి నాలుగైదుసార్లు సంపాదకీయ పేజీలో వాళ్ల వ్యాసం అనువదించి వేయండి. దాడి జరిగిన మర్నాడు వేయడం కాదు, ఏమీ జరగని మామూలు రోజున వేయండి.

ఐరోపా నుంచో అమెరికా నుంచో ముస్లింల గురించి తరువాతి పెద్ద వార్త ఏ రాత్రి వస్తుందో మనకు తెలియదు. ఆ రాత్రి డ్యూటీలో ఉండే సబ్ ఎడిటర్ టేబులు మీద ఆ జాబితా ఉండాలి. ఈ నెలలోనే ఆ పని చేయించండి.

ఇట్లు,
ఒకప్పటి డెస్కు సహోద్యోగి, మీ పాఠకుడు